ఆగి నిలిచే కుక్క, నిప్పు అడిగే అడవి

అమెరికాలో జార్జియా రాష్ట్రపు దక్షిణపు అంచున థామస్‌విల్ అనే ఊరుంది. అక్కడి నుంచి ఫ్లోరిడా రాజధాని టలహాసీ దాకా పరుచుకున్న ఎర్రమట్టి మిట్టలను రెడ్ హిల్స్ అంటారు. నవంబరు నడుమ నుంచి ఫిబ్రవరి చివరి దాకా అక్కడి పైన్ చెట్ల కింద కౌజు పిట్టల వేట సాగుతుంది. తుపాకులున్నాయి, గుర్రాలున్నాయి, బళ్లున్నాయి. కానీ ఆ వేట తెలిసినవాళ్లను అడిగితే, తుపాకి పేలిన క్షణం గురించి ఎక్కువ మాట్లాడరు. కుక్క ఆగిన క్షణం గురించి చెబుతారు.

పరుగు మీదున్న కుక్క ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. ముక్కు గాలిలోకి సాచి, తోక నిలబెట్టి, ఒక్కోసారి ముందరి కాలొకటి మడిచి, ఇక అడుగు కదపదు. దానికి నాలుగు బారల దూరంలో గడ్డి కింద పిట్టల గుంపు నక్కి ఉంటుంది. కుక్కకు అవి కనబడవు, వాసన మాత్రమే అందుతుంది. దూకితే ఒకటైనా నోటికి దొరుకుతుందేమో. అయినా దూకదు. వెనక మనుషులు వచ్చేదాకా అలాగే నిలబడుతుంది, పది నిమిషాలు పట్టినా సరే. ఈ సంప్రదాయానికి విలువేదైనా ఉందంటే అది ఆ నిగ్రహంలోనే ఉందని నా నమ్మకం. కుక్క నేర్చిన నిగ్రహం వేటగాడికి ఎలా అబ్బిందో, అక్కడి నుంచి నేలకు ఎలా మేలు చేసిందో తెలిస్తే ఈ వేటను చూసే చూపు మారుతుంది.

ముందు పిట్ట సంగతి. బాబ్‌వైట్ అన్నది అక్కడి కౌజు. మగపిట్ట వేసవిలో ‘బాబ్-వైట్’ అన్నట్టు ఈల వేస్తుంది, పేరు అలా వచ్చిందే. బరువు 150 నుంచి 200 గ్రాములు. ఎగరగలదు గాని ఎగరడానికి ఇష్టపడదు, నడిచే బతుకుతుంది. నేలమీదే గూడు, డజను దాకా గుడ్లు. కొన్ని గూళ్లలో మగపిట్టే పొదుగుతుంది. శీతాకాలం వచ్చేసరికి పది, పదిహేను పిట్టలు గుంపు కడతాయి. రాత్రివేళ తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి పెట్టి, బండి చక్రపు ఆకుల్లాగా గుండ్రంగా కూర్చుని నిద్రపోతాయి. చలికి ఒకదానికొకటి వెచ్చదనం, ప్రమాదం వస్తే ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు ఎగిరిపోయే వీలు. ఇంత ఏర్పాటున్నా పుట్టిన పిట్టల్లో నూటికి ఎనభై దాకా ఏడాది తిరక్కుండానే పోతాయి. డేగ, పాము, రకూన్, చలి, వాన, అన్నీ దాని శత్రువులే. అందుకే అది గుడ్లు అన్ని పెడుతుంది, అందుకే అంతగా నక్కుతుంది. ఆ నక్కే గుణమే లేకపోతే ఈ వేట పద్ధతే పుట్టి ఉండేది కాదు.

ఈ కుక్కల పని తుపాకి కన్నా పాతది. ఐరోపాలో తొలిరోజుల్లో వీటిని వలతో వేటకు వాడేవారు. పిట్టల వాసన తగలగానే కుక్క నేలకు కరుచుకుని పడుకునేది, మనుషులు దాని మీదుగానే వల లాగి పిట్టలను కప్పేసేవారు. సెట్టర్ జాతి కుక్కలు ఇప్పటికీ కొంచెం వంగి నిలబడటం ఆ రోజుల గుర్తే. ఎగిరే పిట్టను కొట్టే తుపాకులు వచ్చాక నిలబడే కుక్కకు, అంటే పాయింటర్‌కు, ఆదరణ పెరిగింది. వేట జంతువు మీదికి దూకబోయే ముందు ఏ కుక్కయినా ఒక్క క్షణం ఆగుతుంది. పెంపకందార్లు తరతరాలుగా ఆ ఒక్క క్షణాన్నే ఎంచుకుని, ఎక్కువసేపు ఆగిన కుక్కల సంతానాన్నే నిలుపుకుంటూ వచ్చారు. తమిళనాడులోని మన రాజపాళయం రాజులు పెంచే కుక్కతో పోల్చి చూడండి. అది కంటితో చూసి, వెంటాడి, పట్టుకునే కుక్క. పాయింటర్ అందుకు సరిగ్గా ఎదురు. దాని విద్య పట్టుకోబోయి పట్టుకోకపోవడం.

రక్తంలో ఉన్న గుణం చాలదు, దానికి చదువు కావాలి. రెండు మూడు నెలల పిల్లకు గాలపు కర్ర చివర పిట్ట రెక్క కట్టి ఆడిస్తే చాలావరకు వెంటనే ఆగి చూస్తుంది. దాన్ని చూసి యజమాని మురిసిపోతాడు గాని మంచి శిక్షకుడు తొందరపడడు. ముందు పిలిస్తే రావడం, తరవాత ముప్పై అడుగుల తాడు మెడకు కట్టి పొలాల్లో తిప్పడం, ఆ తరవాతే ‘వో’ అన్న మాట. ఆ మాట వినబడితే ఎక్కడున్నా నాలుగు కాళ్లూ నేలకు అంటుకుపోవాలి. అది కుదిరాక పావురాలతో అసలు పాఠం. గడ్డిలో దాచిన చిన్న పెట్టెలో పావురం ఉంటుంది, దాని మూత శిక్షకుడి చేతిలోని మీటతో తెరుచుకుంటుంది. కుక్క వాసన పట్టి ఆగితే అంతా ప్రశాంతం. ఆగకుండా ఒక్క అడుగు ముందుకు జరిగిందా, మూత తెరుచుకుంటుంది, పావురం ఎగిరిపోతుంది. కొట్టనక్కరలేదు, తిట్టనక్కరలేదు. ముందుకు తోస్తే పిట్ట పోతుందని కుక్క తనంతట తానే తెలుసుకుంటుంది. ఇంతకన్నా న్యాయమైన బోధన నాకు తెలియదు. తుపాకి చప్పుడు చివరి పాఠం. అదీ దూరం నుంచి, చిన్న శబ్దంతో మొదలుపెట్టి, కుక్క ధ్యాస పిట్ట మీద ఉన్నప్పుడే వినిపిస్తారు. ఇక్కడ తొందరపడితే కుక్క జన్మంతా తుపాకికి బెదురుతుంది. ఇలా పూర్తిగా తయారయ్యేసరికి రెండు మూడేళ్లు పడుతుంది.

పొలంలో దాని పని గాలిని చదవడం. మంచి కుక్క గాలికి ఎదురుగా అటూ ఇటూ కోసుకుంటూ పోతుంది, తన ఎడమా కుడీ ఉన్న నేలనంతా వాసనలో గాలిస్తుంది. రాత్రి మంచు కురిసి నేల చెమ్మగా ఉన్న ఉదయం వాసన నేలకు దగ్గరగా నిలుస్తుంది. గాలి పొడిబారిన మధ్యాహ్నం పక్కనే గుంపున్నా ముక్కుకు అందకపోవచ్చు. అనుభవం ఉన్న కుక్క ఊరికే పరుగెత్తదు. పిట్టలకు తిండి దొరికే చోటు, ముళ్ల పొదల అంచు, నీటి పక్క గడ్డి, ఇలా చూసి చూసి వెళుతుంది. సాధారణంగా రెండు కుక్కలను కలిపి వదులుతారు. ఒకటి పిట్టల ముందు నిలిచిందనుకోండి, దూరం నుంచి దాన్ని చూసిన రెండోది తనకే వాసనా తగలకపోయినా ఉన్నచోటే నిలిచిపోతుంది. దీన్ని తోటి కుక్కను గౌరవించడం అంటారు. తాను కనుగొననిదాని కోసం, తోటివాడి మాట మీద నమ్మకంతో నిలబడటమది. వేటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం ఇదే.

రెడ్ హిల్స్‌లో పాత పద్ధతి వేట ఇంకా చాలాచోట్ల కంచర గాడిదలు లాగే బండితోనే నడుస్తుంది. బండిలో గూళ్లు, వాటిలో వంతు కోసం ఎదురుచూసే కుక్కలు. వేటగాళ్లు గుర్రాల మీద. కుక్క నిలిచినట్టు కనబడగానే శిక్షకుడు టోపీ పైకెత్తి కేక వేస్తాడు. ఇద్దరే గుర్రాలు దిగుతారు. అప్పుడే తుపాకిలో తూటాలు పెడతారు, అంతకు ముందు కాదు. కుక్కకు చెరోవైపు నడిచి వెళతారు. పిట్టలను లేపడానికి బండి మీది కాకర్ స్పానియల్‌ను వదలడం కూడా ఉంది. గుంపంతా ఒక్కసారి భర్రుమని లేస్తుంది. ఆ చప్పుడుకే కొత్తవాళ్లు తుపాకి ఎత్తడం మరిచిపోతారు.

ఇక నియమాలు. ఎవరి వైపుకు ఎగిరిన పిట్టను వాళ్లే కొట్టాలి. గుంపు మీదికి గుడ్డిగా కాల్చకూడదు, ఒక్క పిట్టను ఎంచుకోవాలి. పిట్ట వెనక ఆకాశం కనబడకపోతే, అంటే అది కిందుగా ఎగురుతుంటే, కాల్చనే కూడదు, ఎందుకంటే అక్కడ కుక్క ఉంటుంది. పిట్టలు లేచినా, తుపాకి పేలినా కుక్క కదలకూడదు. గుంపులోంచి రెండు మూడు పిట్టలు తీసుకున్నాక ఆ గుంపును వదిలి ముందుకు సాగుతారు. పొద్దు వాలకముందే వేట ఆపుతారు. చెదిరిన పిట్టలు చీకటి పడేలోగా ఒకదాన్నొకటి పిలుచుకుని మళ్లీ గుంపు కట్టాలి, లేకుంటే చలిరాత్రి ఒంటరిగా ఉండి చచ్చిపోవచ్చు. జార్జియా చట్టం రోజుకు ఒక్కొక్కరికి 12 పిట్టల దాకా అనుమతిస్తుంది, మంచి ఎస్టేట్లు తమకు తాము పెట్టుకున్న హద్దు అంతకన్నా చాలా తక్కువ. చట్టం ఇచ్చినదంతా తీసుకోకపోవడాన్నే అక్కడ మర్యాద అంటారు.

అయితే కౌజును నిలబెట్టింది ఈ మర్యాద ఒక్కటే కాదు. నిప్పు.

1920లలో రెడ్ హిల్స్ ఎస్టేట్లలో పిట్టలు తగ్గుతున్నాయని యజమానులకు గుబులు పట్టింది. వాళ్లు డబ్బు సమకూర్చగా ప్రభుత్వ జీవశాస్త్ర విభాగం 1924లో హెర్బర్ట్ స్టాడర్డ్‌ను అక్కడికి పంపింది. ఆయనకు కాలేజీ చదువు లేదు. మ్యూజియంలో పక్షుల బొమ్మలు తయారుచేసిన మనిషి, చిన్నతనం కొంత ఫ్లోరిడాలో పశువుల కాపర్ల మధ్య గడిచింది. వాళ్లు ఏటా అడవికి సన్నని మంట పెట్టడం చూశాడు. కౌజును వెన్నంటి చూసి ఆయన తేల్చింది ఇది: ఈ పిట్టకు పైన ఆకాశం, కింద నడవడానికి ఖాళీ నేల, మధ్యలో దాక్కోవడానికి గడ్డి కావాలి. పిల్లలకు మొదటి వారాల్లో పురుగులే తిండి. నిప్పు ఆపేస్తే రెండు మూడేళ్లలో ఎండుగడ్డి పేరుకుంటుంది, ఆ పైన వెడల్పాకుల చెట్లు కమ్ముకుంటాయి. పిట్ట పిల్ల నడవలేదు, గింజ దొరకదు, పురుగు దొరకదు.

ఆ రోజుల్లో అటవీ శాస్త్రజ్ఞులకు ఇది వినకూడని మాట. 1928 నుంచి దక్షిణాది రాష్ట్రాల్లో ట్రక్కుల మీద సినిమా ప్రొజెక్టర్లు పెట్టుకుని ఊరూరా తిరిగి, అడవికి నిప్పు పెట్టడం పాపమని ప్రచారం చేస్తున్న కాలమది. స్టాడర్డ్ 1931లో కౌజు మీద వెలువరించిన పెద్ద గ్రంథంలో నిప్పు అధ్యాయాన్ని పై అధికారుల ఒత్తిడికి మళ్లీ మళ్లీ తిరగరాసి, మెత్తబరచాల్సి వచ్చింది. కాలం ఆయన వైపే తీర్పు చెప్పింది. ఎస్టేట్ యజమాని హెన్రీ బీడెల్ తన భూమిని ఇవ్వగా 1958లో టలహాసీకి ఉత్తరాన టాల్ టింబర్స్ పరిశోధన కేంద్రం వెలసింది. అక్కడ 1960ల నడుమ నుంచి నిప్పు పెట్టకుండా వదిలిన ఒక ముక్క ఉంది. చుట్టూ ఎండ పడే పైన్ వనం, గడ్డి, పిట్టలు. ఆ ముక్కలో మాత్రం చీకటి అడవి. ఆ రెండింటి మధ్య నిలబడితే స్టాడర్డ్ వాదం వేరే వివరించనక్కరలేదు.

ఈ సన్నమంట మేలు చేసింది కౌజు ఒక్కదానికే కాదు. పొడుగు సూదుల పైన్, అంటే లాంగ్‌లీఫ్, ఒకప్పుడు ఆగ్నేయ అమెరికాలో 9 కోట్ల ఎకరాల్లో ఉండేది. నరికివేతకు, నిప్పు ఆపడానికి బలై అయిదు శాతం కూడా మిగల్లేదు. దాని మొలక కొన్నేళ్లు గడ్డి దుబ్బులా నేలకు అంటుకుని ఉంటుంది, మంట వచ్చినా సూదులు కాలి లోపలి మొగ్గ బతుకుతుంది. ముసలి పైన్ చెట్లను, బతికి ఉండగానే, తొలిచి గూడు చేసుకునే రెడ్-కాకేడెడ్ వడ్రంగిపిట్ట ప్రైవేటు భూముల్లో ఎక్కువగా మిగిలింది ఈ రెడ్ హిల్స్‌లోనే. కౌజు వేటకోసం ఇక్కడ ఉంచుకున్న సుమారు 3 లక్షల ఎకరాలు లేకపోతే ఆ నేల ఏనాడో కలప తోటగానో, ఇళ్ల స్థలాలుగానో మారి ఉండేది.

ఒక సంగతి దాచకూడదు. ఈ ఎస్టేట్లు బానిసత్వపు నేల మీద పుట్టినవి. అంతర్యుద్ధం తరవాత ఉత్తరాది శ్రీమంతులు వీటిని చలికాలపు విడిదికి కొన్నారు. అక్కడే ఉండిపోయిన నల్లజాతి కౌలు రైతులు చిన్న చిన్న చెక్కల్లో మొక్కజొన్న, పత్తి, అలసంద వేసి, గట్ల మీద కలుపు వదిలి, ఏటా చలికాలంలో అడవికి మంట పెట్టారు. కౌజులు అంతగా పెరిగింది ఆ సేద్యం వల్లనే. కుక్కలను తయారుచేసినవాళ్లలో, బండ్లు తోలినవాళ్లలో ఎక్కువమంది కూడా వాళ్లే. అంతకు ముందు ఆ నిప్పు మస్కోగీ, అపలాచీ ఆదివాసులది. స్టాడర్డ్ రుజువు చేసింది వాళ్లకు తెలిసినదాన్నే. పుస్తకాల్లో యజమానుల పేర్లు మిగిలాయి, పని చేసినవాళ్ల పేర్లు మిగల్లేదు. ఈ సంప్రదాయాన్ని మెచ్చుకునేవాళ్లు ఆ బాకీని ఒప్పుకోవాలి.

సరదాకు ప్రాణం తీయడం తగునా అన్న ప్రశ్న మిగులుతుంది. అది నన్నూ వేధిస్తుంది. తుపాకి పేలకుండానే ఈ విద్యను పరీక్షించే పోటీలున్నాయి: టెనెసీలోని గ్రాండ్ జంక్షన్ దగ్గర జరిగే, 1896లో మొదలైన జాతీయ పోటీలో కుక్క మూడు గంటలు ఏకధాటిగా పనిచేయాలి. పిట్టలను చంపరు, ఉత్తుత్తి తూటా మాత్రమే పేలుస్తారు. నా మొగ్గు అటే. అయినా 1966 నుంచి అమెరికా మొత్తం మీద బాబ్‌వైట్ అయిదింట నాలుగు వంతులు తగ్గిపోయింది. చాలావరకు తుపాకి ఎరగని పొలాల్లోనే, గట్లు దున్నేసి, మంట మానేసి, గడ్డి నేలలు పోగొట్టుకున్నందువల్లే తగ్గింది. వేటాడే రెడ్ హిల్స్‌లో అది నిలిచింది. ఈ లెక్కను కాదనలేను.

మన దగ్గర సంగతి వేరు. మెట్ట పల్లెల్లో దీమం పిట్టను పంజరంలో పెట్టి, చుట్టూ ఉచ్చులు పన్ని కౌజులను పట్టే అలవాటు ఉండేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. నేరంగానే ఉండాలి, మనకు మిగిలిన గడ్డి నేల అంత కొంచెం. కానీ కంచె వేసి వదిలేస్తే చాలదని మనకూ అనుభవమే. బట్టమేక పిట్టకోసం 1988లో ఏర్పాటైన రోళ్లపాడు అభయారణ్యంలో ఆ పిట్ట ఇప్పుడు దాదాపు కనబడదు. గడ్డి నేలకు మేత, మంట, ఖాళీ, అన్నీ కొలిచి ఇవ్వాలి. ఆ పనికి రెడ్ హిల్స్ నుంచి నేర్చుకోవలసింది తుపాకి కాదు, నిప్పు లెక్క.

అట్లాంటాలో ఉంటున్న తెలుగువాళ్లకు థామస్‌విల్ నాలుగు గంటల కారు ప్రయాణం. వేట ముగిశాక మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడ అడవికి మంట పెడతారు. వీలైతే ఆ రోజుల్లో వెళ్లండి. పిల్లలను కూడా తీసుకెళ్లండి.