వ్యాఖ్యల నుంచి వివరణ పత్రం

యూనిక్స్ వంటి వ్యవస్థలలో పదేపదే చేయవలసిన పనులను వరుస ఆదేశాలుగా రాసిపెట్టుకున్న ఫైలును షెల్ స్క్రిప్ట్ అంటారు. అందులో హ్యాష్ గుర్తుతో మొదలయ్యే పంక్తిని, ఆదేశాలను నడిపే ప్రోగ్రామైన షెల్ అమలు చేయక విడిచిపెడుతుంది గనుక, ఆ చోటు మనిషి కోసం రాసే కామెంటుకు, అంటే వ్యాఖ్యకు, నెలవైంది. ఆ వ్యాఖ్యలనే ఏరి వివరణ పత్రంగా కూర్చే పనితనం ఎంతో మెచ్చదగినది.

1977లో బెల్ ల్యాబ్స్‌లో అహో, వైన్‌బర్గర్, కెర్నిఘన్ రూపొందించిన ఆక్ భాష, పాఠాన్ని పంక్తి వెంట పంక్తిగా పరిశీలించి, కోరిన నమూనాకు సరిపోయిన వాటిని వేరుచేస్తుంది. ఆ భాషలోనే రాసిన ఎస్‌హెచ్‌డాక్ అనే పనిముట్టు, ఒక పేరు కింద కూర్చిన ఆదేశాల సమూహమైన ఒక్కొక్క ఫంక్షన్‌పైన ఉన్న వ్యాఖ్యలలోని ట్యాగులను, అంటే గుర్తు పదాలను, పట్టుకుని, ఆ ఫంక్షన్ చేసే పనిని, దానికి అందించవలసిన విలువలను, పని ముగిశాక సఫలమైతే సున్నాగా, విఫలమైతే మరో అంకెగా వచ్చే ఎగ్జిట్ కోడ్‌ను మార్క్‌డౌన్ అనే సాదా గుర్తుల రూపంలోని పత్రంగా అమరుస్తుంది.

విడిగా రాసిన వివరణ, ఆదేశాలు మారినకొద్దీ వెనకబడిపోతుంది; పక్కనే ఉన్న వ్యాఖ్య మాత్రం సవరించేవారి కంటికి వెంటనే ఆనుతుంది. అయినా పనిముట్టు కూర్చగలదే గాని అర్థాన్ని సృష్టించలేదు. ఒక ఆదేశం ఎందుకు అవసరమైందో, ఎక్కడ జాగ్రత్త పడాలో తరువాత వచ్చేవారికి రెండు ముక్కల్లో చెప్పిపెట్టే రచయిత శ్రద్ధే ఈ విద్యకు ప్రాణం.