తొందరపడని పట్టుకారు

గుర్రం నోట్లో నమలు పళ్ళు 24. వరుసకు ఆరు చొప్పున నాలుగు వరుసలు. పై వరుసలో నాలుగోది పిల్లకు ఏడాది వచ్చేసరికే మొలుస్తుంది. పుచ్చేదీ, చీలేదీ ఎక్కువగా అదే. దాని వేళ్ళు సైనస్‌ను ఆనుకుని ఉంటాయి కాబట్టి చీము అందులోకి చేరి, ఒకవైపు ముక్కులోంచే కంపుకొట్టే చీమిడిగా కారుతుంది. ఆ దశకు వచ్చిన పన్నును సాధారణంగా తీసేయాల్సిందే.

తీయడం మాటల్లో ఉన్నంత తేలిక కాదు. వయసులో ఉన్న గుర్రానికి ఆ పన్ను 7, 8 సెంటీమీటర్ల పొడవుంటుంది, సింహభాగం ఎముకలోనే. ఏటా 2, 3 మిల్లీమీటర్లు పైకి వస్తూ, అంతే అరుగుతూ ఉంటుంది. చుట్టూ నారల్లాంటి తంతువులు దాన్ని ఎముకకు బిగించి ఉంచుతాయి. ఈ తంతువులతోనే వైద్యుడి పేచీ అంతా.

20వ శతాబ్దంలో చాలాకాలం గుర్రానికి పూర్తి మత్తిచ్చి పడుకోబెట్టి, పుర్రె ఎముకకు రంధ్రం చేసి, వేరు మీద ఉలి ఆనించి సుత్తితో కొట్టి పన్నును నోట్లోకి తోసేవారు. పూర్తి మత్తే గుర్రానికి గండం. పైగా ఎముక ముక్కలు లోపల మిగిలిపోయి మళ్ళీ ఆపరేషన్లు చేయాల్సి వచ్చేది. నిలబడే ఉండగా జోగేలా చేసే మంచి మందులు వచ్చాక నోట్లోంచే తీసే పాత పద్ధతికి మళ్ళీ మంచిరోజులొచ్చాయి. ఎడిన్‌బరో పశువైద్య కళాశాలలో ప్యాడ్రిక్ డిక్సన్ బృందం 1998 నుంచి 2003 దాకా 100 గుర్రాలకు ఇలా పళ్ళు తీసి, ఆ అనుభవాన్ని 2005లో ప్రచురించింది.

ఇక పనితనం సంగతి. గుర్రం జోగుతూ నిలబడి ఉంటుంది, తల ఒక స్టాండు మీద ఆని ఉంటుంది. కంటికి దిగువన, కాస్త వెనకగా సూది దించి ఆ వైపు పై దవడ నరాన్ని మొద్దుబారుస్తారు. నోరు మూసుకోకుండా ఇనుప చట్రం బిగిస్తారు. పన్ను చుట్టూ చిగురును వేరుచేసి, ముందొకసారి, వెనకొకసారి, పంటికీ పంటికీ మధ్య సన్నని అలుగులున్న పరికరం దూర్చి నొక్కిపట్టి నిమిషాల తరబడి కదలకుండా ఉంచుతారు. బలం ఎక్కువైతే పక్కనున్న మంచి పన్ను కదులుతుంది. అందుకే ఇక్కడ చేతికి నిగ్రహం కావాలి.

తర్వాత మూరెడు పొడవు పట్టుకారు. దాన్ని పంటికి సరిగ్గా బిగించడమే సగం పని. జారితే పంటి పైభాగం చితుకుతుంది, చితికితే మళ్ళీ పట్టు దొరకదు. బిగించాక లాగరు. అటు కొంచెం తిప్పి ఆపుతారు, ఇటు కొంచెం తిప్పి ఆపుతారు. మొదట్లో పన్ను కదిలిందో లేదో కంటికి తెలియదు, చేతికే తెలుస్తుంది. గంట పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. తంతువులు అలసి ఒక్కొక్కటే తెగుతుంటే చిగురు అంచున నెత్తురు నురగలా పొంగుతుంది, బురదలోంచి కాలు తీసినట్టు చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వచ్చాక కూడా ఆశపడి లాగనివాడే నా దృష్టిలో అసలు పనివాడు. తొందరపడితే వేరు కొస విరిగి లోపలే ఉండిపోతుంది.

పన్ను బాగా వదులయ్యాకే ముందున్న పంటి మీద ఒక దిమ్మె ఆనించి, పట్టుకారు పిడిని పైకెత్తుతారు. పన్ను కిందికి జారుతుంది. పొడుగు పన్నయితే కింది వరుసకు తగలకుండా లోపలివైపు వంచుతూ తీస్తారు. బయటికొచ్చిన పంటి వేళ్ళు పూర్తిగా ఉన్నాయా అని తిప్పి తిప్పి చూస్తారు, గూట్లో వేలు పెట్టి తడుముతారు, ఎక్స్‌రే తీస్తారు. గూటి మూతిని మాత్రం దంత సిలికాన్‌తో మూస్తారు. మేత లోపల పడకూడదు, అడుగు నుంచి కొత్త కండ పెరగడానికి చోటూ ఉండాలి. ఈ కొలత తప్పి బిరడా లోతుగా దిగితే మానాల్సిన గాయం మానదు.

మత్తు దిగాక ఆ గుర్రం ఆ రోజే మేత మేయగలదు. అయితే ఎదురుగా ఉన్న కింది పంటికి ఇక ఒరుసుకునే జోడీ లేదు. అది అరగకుండా పెరిగిపోతుంది కాబట్టి ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆకురాయితో అరగదీయిస్తూ ఉండాలి.