ప్రతీక – సందర్భం: ‘మ్యాన్ అండ్ హిజ్ సింబల్స్’ పరిశీలన

కార్ల్ గుస్తావ్ యూంగ్ సామాన్య పాఠకుల కోసం తలపెట్టిన ‘మ్యాన్ అండ్ హిజ్ సింబల్స్’ ఆయన మరణానంతరం 1964లో వెలువడింది. తొలి అధ్యాయం యూంగ్‌ది. తక్కినవి హెండర్సన్, ఫాన్ ఫ్రాంజ్, యాఫే, యాకోబీలవి. ఒకే సిద్ధాంతాన్ని అనుసరించిన ఈ రచయితల అన్వయ పద్ధతుల్లో కనిపించే భేదం సాహిత్య విమర్శకులు గమనించదగినది.

చిహ్నం తెలిసిన అర్థాన్ని సూచిస్తుంది. ప్రతీక పూర్తిగా తెలియని అర్థంవైపు నడిపిస్తుంది. యూంగ్ చేసిన ఈ విభజన ప్రకారం స్వప్నంలోని వస్తువుకు స్థిరార్థం లేదు. తరచు పునరావృతమయ్యే అంశాన్ని సైతం స్వప్నించిన వ్యక్తి జీవితం నుంచి విడదీయరాదు. హెండర్సన్ మాత్రం విన్నెబాగో తెగ వీరగాథల్లో పాల్ రాడిన్ గుర్తించిన నాలుగు దశలను ఆధునికుల స్వప్నాలకు అన్వయించారు. ఇందులో దశ ముందే నిర్ణయమై, స్వప్నం కేవలం ఉదాహరణగా మిగిలే ప్రమాదం ఉంది. యాకోబీ అధ్యాయం ఇందుకు భిన్నం. ‘హెన్రీ’ అనే యువ ఇంజనీరు స్వప్నాలను ఆమె వరుసగా పరిశీలించారు. అతని జీవిత సమస్యలే అక్కడ ప్రతీకార్థానికి పరిధిని ఏర్పరిచాయి.

కావ్యాన్వయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. కవితలో నీరు కనిపించగానే అచేతనమనీ, వృద్ధుడు కనిపించగానే జ్ఞానమూర్తి అనీ నిర్ణయించే విమర్శ ప్రతీకను చిహ్నంగా కుదిస్తుంది. వ్యంగ్యార్థ నిర్ణయంలో వక్తకు, ప్రకరణానికి మన ఆలంకారికులు ఇచ్చిన ప్రాధాన్యం ఇక్కడ స్మరణీయం. రచనలోని సందర్భం తేలిన తరువాతనే ఆదిరూప ప్రస్తావన సార్థకమవుతుంది.