తల్లి చేతిలో పెట్టిన అంకె

పోయిన ఏడాది మా పాప నాలుగో తరగతి చదువుతుండగా బళ్లో పిల్లలందరికీ ఐక్యూ పరీక్ష పెట్టించారు. దానికి ఫీజు వేరే. రెండు వారాల తర్వాత తల్లుల్ని పిలిచి తలా ఒక కవరు ఇచ్చారు. తల్లుల్నే పిలిచారు. ఫీజు రసీదు మీద తండ్రి పేరు, కవరు మాత్రం తల్లి చేతికి. మా పాప కవరులో 92 అని ఉంది. అదే బళ్లో అదే తరగతి చదివే మా యారాలి కొడుకు కవరులో 124.

ఆ రాత్రి హన్మకొండలో మా ఇంట్లో అన్నాల దగ్గర ఈ రెండు అంకెలే కూర. "వందకు నూటిరువై నాలుగు ఎట్లస్తయే?" అని అడిగింది మా అత్తమ్మ. అందరం నవ్వాం. ఆ నవ్వులోనే మా ఆయన అన్నాడు: "అది చిన్నగున్నప్పుడు నువ్వు థీసిస్ రాసుకుంట కూసున్నవ్ గదా." నా నవ్వు అక్కడే ఆగిపోయింది. అవతల మా మరిది ఫోన్లో ఎవరికో చెప్తున్నాడు, వాడిది అచ్చం తన పోలికేనని, మా మామగారు కూడా లెక్కల్లో దిట్ట అని. ఆ పిల్లవాడికి ఎక్కాలు నేర్పింది, ప్రాజెక్టులకు అట్టముక్కలు కత్తిరించి ఇచ్చింది మా యారాలు. ఆమె ఇంటర్ పాసయ్యాక పెళ్లి చేశారు. ఆమె పేరు ఆ ఫోన్లో రాలేదు.

ఒకే రోజు, ఒకే ఇంట్లో, తక్కువ అంకె తల్లి ఖాతాలో పడింది. ఎక్కువ అంకె తండ్రి వంశం ఖాతాలోకి వెళ్లింది. తల్లిదండ్రులు పిల్లల ఐక్యూని పట్టించుకోవాలా అక్కర్లేదా అని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నలో 'తల్లిదండ్రులు' అన్న మాట దగ్గరే నాకు అనుమానం మొదలైంది. ఇద్దరూ ఒకేలా పట్టించుకునే స్థితిలో ఉన్నారా?

నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. చేతికొచ్చిన కాగితాన్ని ఒక పాఠంగా చదవడం తప్ప మరో విద్య రాదు. ఆ కవరునీ అలాగే చదివాను.

మన బి.ఎడ్. పుస్తకాలు ఐక్యూని 'ప్రజ్ఞాలబ్ధి' అంటాయి. భాగహారం చేస్తే వచ్చేది లబ్ధి. 1912లో విలియమ్ స్టెర్న్ అనే జర్మన్ మనస్తత్వవేత్త, పిల్లల మానసిక వయసును అసలు వయసుతో భాగించమన్నాడు. ఆ పేరు అక్కడి నుంచి వచ్చింది. ఇప్పుడు ఆ భాగహారం ఎవరూ చెయ్యరు. అదే వయసు పిల్లల గుంపులో ఈ బిడ్డ ఎక్కడ నిలబడిందో చూసి, గుంపు సగటుకు 100 అని పేరు పెడతారు. సుమారుగా ప్రతి ఇద్దరు పిల్లల్లో ఒకరు 90కీ 110కీ మధ్యలోనే ఉంటారు. మా పాప 92 అంటే ఆ గుంపు మధ్యలో నిలబడి ఉందన్నమాట. పైగా అదే బిడ్డకు ఇంకోరోజు పరీక్ష పెడితే నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ కావడం మామూలే. అందుకే తెలిసినవాళ్లు ఒక్క అంకె ఇవ్వరు, ఇంత నుంచి ఇంత అని ఇస్తారు. మా కవరులో రంగుల బొమ్మలతో ఆరు పేజీలున్నాయి. ఈ అటూ ఇటూ గురించి ఒక్క వాక్యం లేదు.

ఈ పరీక్ష పుట్టుక మాత్రం మంచిదే. పిల్లల్లో ఎవరికి బళ్లో అదనపు సాయం కావాలో తేల్చమని 1904లో ఫ్రెంచి ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. ఆ పనికోసం 1905లో ఆల్‌ఫ్రెడ్ బినె, థియోడర్ సీమోన్ మొదటి పరీక్ష కట్టారు. ఇది మారని కొలత అనుకోవడాన్ని బినె ఒప్పుకోలేదు. అమెరికా చేరాక అదే పరీక్ష జల్లెడ అయింది. స్త్రీవాద పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఇక్కడుంది. 1937లో లూయిస్ టెర్మన్, మాడ్ మెరిల్ ఆ పరీక్షను తిరగరాసినప్పుడు ఆడపిల్లలకూ మగపిల్లలకూ బాగా తేడా వచ్చే ప్రశ్నల్ని తీసేశారు. తెలివిలో ఆడా మగా తేడా ఉండదని ముందే అనుకుని, దానికి తగ్గట్టు ప్రశ్నలు ఏరారు. మంచి పనే. పేదింటి పిల్లలకూ ఉన్నవాళ్ల పిల్లలకూ తేడా వచ్చే ప్రశ్నల విషయంలో అలాంటి ఏరివేత జరగలేదు. ఏ తేడా నిజమో, ఏ తేడా ప్రశ్నల తప్పో తేల్చింది బల్లకు అవతల కూర్చున్నవాళ్లే.

మన దేశంలో వి.వి. కామత్ 1934లో ధార్వాడలో బినె పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు సరిపడేలా మార్చాడు. 1969లో నాగపూర్‌లో మాలిన్ మరో పరీక్షను భారతీయ పిల్లల కోసం కట్టాడు. వాళ్ల శ్రమను తీసిపారెయ్యను. కానీ ఏనాటి పిల్లల సగటుతో ఈనాటి బిడ్డను పోలుస్తున్నారో అడగాలి కదా. అమెరికాలో 1932కీ 1978కీ మధ్య సగటు సుమారు 14 పాయింట్లు పెరిగిందని జేమ్స్ ఫ్లిన్ 1984లో చూపించాడు. నలభై ఆరేళ్లలో వంశాలు మారిపోవు. మారింది బతుకు. మా పాపకు పరీక్ష ఇంగ్లీషులో పెట్టారు. వాళ్ల నానమ్మ దగ్గర నేర్చుకున్న కైకిలి, గుమ్మి, సల్ల లాంటి మాటలకు అక్కడ గిరాకీ లేదు.

బళ్లో వచ్చే మార్కులతో ఈ అంకెకు సంబంధం లేదని నేననను. ఉంది. బడి కోసం కట్టిన పరీక్షకు బడితో సంబంధం ఉండకుండా ఎలా ఉంటుంది? నా గొడవ అది కాదు.

డేనియల్ కీస్ రాసిన 'ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నాన్' అనే అమెరికన్ నవలను (1966) ఈ మధ్య మళ్లీ చదివాను. ఐక్యూ మీద వచ్చిన రచనల్లో బహుశా ఎక్కువమంది చదివింది అదే. చార్లీ అనే యువకుడికి ఐక్యూ 68. ఆపరేషన్ తర్వాత 185 దాకా పెరిగి, మళ్లీ జారిపోతుంది. ఇరవై ఏళ్లప్పుడు చదివి చార్లీ కోసం ఏడ్చాను. ఇప్పుడు చదివితే నా కళ్లు అతని తల్లి రోజ్ మీదే ఆగిపోయాయి. నవలలో ఆమె దుర్మార్గురాలు. కొడుకు మామూలు పిల్లవాడే అని మొండికేస్తుంది, నకిలీ డాక్టరు చుట్టూ తిప్పుతుంది, కొడుతుంది. కూతురు నార్మా పుట్టాక ఆ కొడుకునే ఇంట్లోంచి పంపెయ్యమని కత్తి పట్టుకుంటుంది. తండ్రి మాట్ మంచివాడు. పిల్లవాణ్ని అలా వదిలెయ్యమంటాడు. మంచివాడుగా ఉండటం అతనికి సులువు. పక్క తడిపిన పిల్లవాడి గుడ్డలు ఉతికేది, ఇరుగుపొరుగు మాటలు పడేది రోజ్ కదా. నవల అంతా చార్లీ రాసుకున్న నివేదికలే కాబట్టి రోజ్ మనకు అతని భయంలోంచే కనిపిస్తుంది. ఆమె రాసుకున్న కాగితం ఒక్కటీ లేదు.

నార్మా సంగతి ఇంకా విచిత్రం. పరీక్షలో 'ఎ' తెచ్చుకుంటే కుక్కపిల్లను కొనిపెడతామంటారు. తెచ్చుకుంటుంది. అన్నను దాని దగ్గరికి రానివ్వనందని తండ్రి కుక్కపిల్ల లేదంటాడు. చివరికి మతి తప్పిన తల్లిని ఒంటరిగా చూసుకుంటున్నది ఆ నార్మాయే. ఎక్కువ అంకె వచ్చిన కూతురికి దక్కింది చాకిరీ. కీస్ దీన్ని రాశాడు కానీ దాని దగ్గర ఆగలేదు. ఈ నవలకు అసలు విషాదం చార్లీ తెలివి పోవడం అని విమర్శకులు అంటారు. నాకు ఆ ఇంటి ఇద్దరు ఆడవాళ్ల కథ రాయకుండా వదిలేసినట్టు అనిపించింది.

కథల బయట ఇంతకన్నా ఘోరాలు జరిగాయి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం క్యారీ బక్ అనే యువతికీ ఆమె తల్లికీ ఈ పరీక్ష పెట్టి మందమతులని తేల్చింది. క్యారీ కన్న నెలల పిల్లను కూడా చూసి, ఆ బిడ్డా సరిగా లేదని చెప్పించింది. 1927లో సుప్రీంకోర్టు సరేనంది, క్యారీకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేశారు. ఆ బిడ్డ వివియన్ బళ్లో బాగా చదివే పిల్లల జాబితాలోకి ఎక్కిందని స్టీఫెన్ జే గూల్డ్ తర్వాత రాశాడు. ఎనిమిదేళ్లకే చనిపోయింది. మన దగ్గర 1994లో, శిరూర్‌లోని ప్రభుత్వ వసతి గృహంలో ఉన్న బుద్ధిమాంద్యం గల ఆడవాళ్లకు పుణెలో గర్భసంచులు తీసేశారు. మహిళా సంఘాలు రోడ్డెక్కాయి. 2009లో చండీగఢ్ కేసులో మాత్రం, స్వల్ప బుద్ధిమాంద్యం ఉన్న స్త్రీకి కూడా తన గర్భం గురించి తేల్చుకునే హక్కుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ జాబితాలో మగవాళ్లు ఉండరని కాదు. మందమతి అన్న మాట ఆడవాళ్ల విషయంలో తిన్నగా గర్భసంచి దాకా వెళ్తుంది.

అయితే ఆ అంకెను చింపి పారెయ్యమని అందామంటే నాకు ధైర్యం చాలదు. దానికి కారణం మా అమ్మగారింటి పక్కనుండే ఒకామె. బీడీలు చేస్తుంది. ఆమె బిడ్డకు చిన్నప్పటి నుంచీ మాటలు, నడక అన్నీ ఆలస్యమే. 2015లో ఆ పిల్లకు పద్నాలుగేళ్లు. సదరం శిబిరానికి తోడు రమ్మంటే వెళ్లాను. అప్పటికి నడుస్తున్నవి 2001 నాటి మార్గదర్శకాలు. ఐక్యూ 50 నుంచి 69 దాకా ఉంటే వైకల్యం 50 శాతం. 70 నుంచి 79 దాకా ఉంటే 25 శాతమే. పింఛనుకు 40 శాతం కావాలి. ఆ పిల్లకు 71 వచ్చింది. రెండు పాయింట్లు తక్కువ వచ్చి ఉంటే నెలకు 1500 రూపాయలు. వచ్చే దారిలో ఆటోలో ఆమె నన్ను అడిగింది: "సార్లకు చెప్పి జర తగ్గియ్యరాదు బిడ్డా?" పీహెచ్‌డీ చేస్తున్న నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో 92ని చూసి మొహం మాడ్చుకున్న రోజు ఈ మాట గుర్తొచ్చి సిగ్గనిపించింది.

2018 మార్గదర్శకాలు వచ్చాక శాతం లెక్కలో సామాజిక పరిణతి కొలతకు చోటు దొరికింది. ఆ కొలతలో బిడ్డ ముందు బొమ్మలు, బ్లాకులు పెట్టరు. దగ్గరుండి చూసేవాళ్లను అడుగుతారు. తనంతట తను తింటుందా, బట్టలు కట్టుకుంటుందా, వాడలో ఒక్కతే తిరిగొస్తుందా. సంవత్సరాల తరబడి తల్లి తప్ప మరెవరూ గమనించని సంగతులకు మొదటిసారి సర్కారు కాగితం మీద విలువ వచ్చింది. ఎంత బాగుందో కదా అనుకున్నాను. 2019లో మళ్లీ వెళ్లాం. ఆమె జవాబులు చెప్పలేక నీళ్లు నమిలింది. బయటికొచ్చాక అంది: "గిన్నేండ్లు నా బిడ్డకు అన్నొస్తయని మందికి చెప్పుకుంట వస్తి. గిప్పుడు ఏం రాదంటేనే పైసలు." అదంతా పక్కనే కూర్చుని ఆ పిల్ల విన్నది. వింటుందన్న ఆలోచన అప్పుడు నాకు కూడా రాలేదు. 50 శాతం వచ్చింది, పింఛను వచ్చింది. ఆ ఏడు అది 3016 రూపాయలు అయింది. ఆ డబ్బుతో ఆమె బీడీల గంపలు కొంచెం తగ్గాయి.

కాబట్టి మా బళ్లో కవరిచ్చిన వాళ్లను నేను అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంది: ఈ అంకెతో మీరు నా బిడ్డకు ఏం చేస్తారు? తర్వాతి వారం వెళ్లి అడిగాను. రికార్డు కోసమండి, అన్నారు. చదవడంలో తడబడే పిల్లలకు విడిగా టీచరు ఉన్నారా అంటే లేరు. 124 వచ్చిన పిల్లల్ని మాత్రం ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్‌కు చూస్తారట. ర్యాంకుల ఫోటోలు లేని గోడ కనపడని మన ఊళ్లో ఈ జవాబుకు ఆశ్చర్యపోవడం అమాయకత్వమే.

'రైలుబడి'లో టోటోచాన్‌ను మొదటి బడి వెళ్లగొట్టిన సంగతి తల్లి ఆమెకు ఇరవై ఏళ్లు దాటేదాకా చెప్పదు. బడి వేసిన ముద్రను తన కొంగున ముడేసుకుని, బిడ్డను మరో బడికి తీసుకెళ్తుంది. ఆ పుస్తకంలో అందరూ కొబయాషి మాస్టారిని మెచ్చుకుంటారు. నాకు ఆ తల్లి మౌనం ఎక్కువ ఇష్టం. నేనూ అలాగే చేద్దామనుకుని కవరును బీరువాలో బట్టల కింద పెట్టాను. లాభం లేకపోయింది. మా మరిది కొడుకు అప్పటికే చెప్పేశాడు.

పాప వంటింట్లోకి వచ్చి అడిగింది: "అమ్మా, నాకు తొంభై రెండటగా. వందకు తొంభై రెండంటే మంచిదే కదా?"

"మంచిదే," అన్నాను.

చపాతీలు ఒత్తుతున్న మా యారాలు తలెత్తి నన్ను చూసింది. పాప వెళ్లిపోయాక, పిండి చేతులు తుడుచుకుంటూ మెల్లగా అడిగింది: "అక్కా, ఓపెన్‌ల డిగ్రీ కట్టాల్నంటే ఏమేం కాయితాలు గావాలె?"