లంచి, టిఫిను: వ్యుత్పత్తి విమర్శము

పదముల పుట్టుకను నిర్ణయించువారు ధ్వనిసామ్యమునే యాధారముగాఁ గొన్నచోఁ బ్రమాదము తప్పదు. పూర్వరూపము, ప్రయోగకాలము, అర్థపరిణామము అను మూఁడును సాక్ష్య మీయవలయును. భోజనవేళల నడుమఁ దినెడి యల్పాహారమునకు నాంగ్లమునఁ గల పేళ్లు దీనికి మంచి యుదాహరణములు. వానిలో లంచి, టిఫిను అనునవి తెలుఁగువారి నోటను నిలిచిన మాటలు గాన నీ విచారణ మప్రస్తుతము గాదు.

మొదట నిర్వివాదమగు పదమును జూతము. నంచను అను మాట మధ్యాంగ్లమున 14వ శతాబ్దినాఁటికే కలదు. దాని పూర్వరూపము నోన్‌షెంచి. నోన్ అనఁగా మధ్యాహ్నము. షెంచి యనఁగాఁ బోసి యిచ్చెడి పానీయము. కావున నవయవార్థము మధ్యాహ్నపానము. బీవరను మఱియొక పేరును, త్రావుట యను నర్థముగల ప్రాచీన ఫ్రెంచిపదమునుండి వచ్చినదే. రెండుచోట్లను బానముపేరే తిండికిఁ బేరైనది.

నోన్ అను మాటయు నొక్కచోట నిలిచినది కాదు. లాటినున నది తొమ్మిదవ గంట. సూర్యోదయమునుండి లెక్కింప నించుమించుగాఁ బగలు మూఁడు గంటలు. క్రైస్తవమఠములలో నప్పటి ప్రార్థనకును నదియే పేరు. అది క్రమముగా ముందునకు జరిగి 14వ శతాబ్దినాఁటికి నడిపగటికి రూఢమైనది.

ఇఁక లంచి. 16వ శతాబ్ది చివర లంచి, లంచను అనువానికి మందమైన ముక్క యనియే యర్థము. 1591లో రిచర్డు పెర్సివలు తన స్పానిషు నిఘంటువున లోన్హ యను పదమునకు లంచి యని యర్థము వ్రాసెను. దీనింబట్టి లంచి స్పానిషుజన్య మని కొందఱి మతము. కాని నిఘంటుకారుఁడు సమానార్థకము నిచ్చినంతమాత్రమున జన్యజనకభావము సిద్ధింపదు. హంపునుండి హంచి పుట్టినట్లు, ముద్ద యను నర్థముగల లంపునుండి లంచి పుట్టియుండు నని వేఱొక మతము. ఇది యాంగ్లభాషాస్వభావమున కనుగుణమే గాని, నిశ్చయ మనుటకుఁ జాలదు.

జాన్సను పండితుఁడు తన 1755 నాఁటి నిఘంటువున నీ పదమునకుఁ జేతఁ బట్టినంత తిండి యని యర్థము చెప్పి, పిడికిటఁ బట్టుట యను నర్థముగల క్లచ్ శబ్దమునకుఁ జుట్టముగా నూహించెను. అర్థకథనము రమ్యము, వ్యుత్పత్తికి సాక్ష్యము లేదు. ఈ త్రోవఁ బోయినచో మన లంచమును జేతఁ బట్టునదే కదా! లంచియు లంచమును నేకమూలకము లని వాదించువాని నెవ్వ రాఁపఁగలరు? ధ్వని కుదిరినది, యర్థమును గుదిరినది; లేనిది చరిత్రమొక్కటియే.

లంచను 17వ శతాబ్దిలో నల్పాహారార్థమును బొందినది. అంతకుఁ బూర్వమే యా యర్థమునఁ గల నంచను దీనికి రూపమునందును నర్థమునందును దోడ్పడి యుండును. ముక్కపే రీ విధమునఁ దిండిపేరై, 19వ శతాబ్దిలో లంచి యను కుఱుచరూపమున వ్యాపించెను. స్నాకుయొక్క గతియు నిట్టిదే: మొదటఁ గుక్కకాటు, పిదప వాటా, 18వ శతాబ్దిలోఁ జిఱుతిండి.

టిఫినును గూర్చి భ్రమ మఱింత మెండు. మనదేశమున వాడుక యగుటచే నిది తూర్పుభాషలదే యని పలువు రెంచిరి. యూలు, బర్నెలు పండితులు 1886లో వెలువరించిన హాబ్సన్ జాబ్సన్ కోశమున, నరబీ చీనా మూలములను జెప్పిన మతములను ద్రోసివైచి, యిది యాంగ్లగ్రామ్యమే యని తేల్చిరి. 1785లో గ్రోసు సంగ్రహించిన గ్రామ్యకోశమున టిఫింగు అనఁగా వేళగాని వేళఁ దినుట, త్రావుట. భారతదేశమును గూర్చిన విలియంసను గ్రంథమున 1810లో టిఫింగు రూపమే కానవచ్చుచున్నది. రూపము, కాలము, అర్థము మూఁడును గలిసినవి గాన నీ నిర్ణయము గ్రాహ్యము. మాట పుట్టినది యింగ్లండున, బ్రదికినది మనదేశమున.

అయినను దాని చరిత్ర మింతటితో ముగియలేదు. ఇచ్చటి యాంగ్లేయులకు టిఫిను పగటి భోజనము. మనకు నిడ్డెన, దోసె, ఉప్పుపిండి. వేళయు వస్తువును మాఱినవి. ఇది వింత గాదు. ఉపవాసపు రాత్రి యుప్పుపిండి తిని ఫలాహారము చేసితి మనుకొనువారము మనమే. అందు ఫల మెక్కడ? కావున టిఫినును బరభాషాపద మని త్రోసివేయక, తెలుఁగుననే కలిగిన యర్థములను బ్రయోగకాలములతో నిఘంటువుల కెక్కింపవలయును. మూల మాంగ్లేయులది, అర్థము మనది. రెంటిని వేఱుపఱచి చెప్పుటయే విమర్శకుని పని.