రెండో టచ్

వాలీబాల్ కోర్టులో చప్పట్లన్నీ స్మాషర్‌వి. బంతి అవతలి కోర్టులో పడి దుమ్ము లేచినప్పుడు చుట్టూ నిలబడ్డ జనం అరిచేది అతని పేరే. అంతకు ముందు క్షణంలో ఆ బంతిని అతని చేతికి అందే ఎత్తులో, వలకు మూరెడు ఇవతల లేపి పెట్టిన మనిషి మీద చూపు ఆనదు. మా గుంటూరు వైపు అతన్ని లిఫ్టర్ అనేవాళ్లం. తొంభైల మొదట్లో డిగ్రీ చదివిన మూడేళ్లూ నేను ఆడింది ఆ స్థానంలోనే. నన్ను పెద్దవాణ్ణి చేసింది ఏమిటని ఎవరైనా అడిగితే, చదివిన పుస్తకాలకంటే ముందు ఆ రెండో టచ్ సంగతే చెబుతాను.

ఒక జట్టు బంతిని మూడుసార్లు ముట్టుకోవచ్చు. మొదటిది అవతలివాళ్ల సర్వీసును తీసుకోవడానికి, మూడోది కొట్టడానికి. మధ్యది లిఫ్టర్‌ది. ఐదుగురు కొట్టేవాళ్లు, ఒక్కడే లిఫ్టర్ ఉండే పద్ధతిలో జట్టు ఆడిన ప్రతి రెండో బంతీ అతని వేళ్ల మీదుగానే పోవాలి. వరుస మారుతూ వెనక్కి వెళ్లినప్పుడు కూడా, అవతల సర్వీసు చెయ్యి తగిలీ తగలగానే వల దగ్గరికి పరుగెత్తాలి. మొదటి పాస్ ఎక్కడో గీత దాటి పోయినా అక్కడికి చేరాల్సింది అతనే. చేరుకున్నాక పాస్ ఇచ్చినవాడి వైపు చిరాగ్గా ఒక్క చూపు చూశాడా, తర్వాతి సర్వీసుకు ఆ కుర్రాడి చేతులు బిగుసుకుపోతాయి. అందుకని మా పీడీ మాస్టారు పెట్టిన మొదటి షరతు మొహానికి సంబంధించింది. ఎంత చెడ్డ పాస్ వచ్చినా మొహంలో ఏమీ కనపడకూడదు.

మాస్టారు మద్రాసు వైఎంసీఏ కాలేజీలో వ్యాయామ విద్య చదువుకుని వచ్చినవారు. హారీ క్రో బక్ అనే అమెరికన్ 1920లో మొదలుపెట్టిన ఆ కాలేజీ నుంచి దక్షిణాది కాలేజీలెన్నింటికో పీడీలు వచ్చారు. అసలు వాలీబాల్ పుట్టిందే వైఎంసీఏలో. 1895లో అమెరికాలోని హోల్యోక్ అనే ఊళ్లో విలియం మోర్గాన్ దాన్ని తయారుచేశాడు. ఆ ఆట అంత దూరం నుంచి మా కాలేజీ వెనకాల ఎర్రమట్టి కోర్టు దాకా చేరిందంటే, మధ్యలో ఇలాంటి మాస్టార్లు ఎందరున్నారో! సాయంత్రం నాలుగింటికి కోర్టు మీద నీళ్లు చల్లి, సున్నంతో గీతలు వేసి, వల బిగించడం జూనియర్ల పని. ఆ తర్వాతే బంతి బయటికి వచ్చేది.

లిఫ్ట్ చేయడానికి బలం అక్కర్లేదు. నుదుటికి కాస్త పైన రెండు బొటనవేళ్లు, రెండు చూపుడువేళ్లు త్రికోణంలా పెట్టి, పదివేళ్ల కొసలతో బంతిని అందుకుని, అందుకున్నామని తెలిసేలోపే పంపెయ్యాలి. అరచేయి తగిలితే చప్పుడవుతుంది. బంతి గిర్రున తిరుగుతూ లేచిందంటే రెండు చేతులూ ఒకేసారి ఆనలేదన్నమాట, రిఫరీ డబుల్ టచ్ ఇవ్వొచ్చు. నేను నెలల తరబడి గోడ ముందు నిలబడి, ఆ తర్వాత నేల మీద వెల్లకిలా పడుకుని ఇదే చేశాను. చేతులు కుదిరాక మాస్టారు బంతి గురించి మాట్లాడటం మానేశారు. ప్రతి లిఫ్ట్ అయ్యాక నా వెనకాల నిలబడి ఒకటే అడిగేవారు: "వాడు ఎక్కణ్ణించి పరుగెత్తుకొచ్చాడ్రా? చూశావా?"

మొదట్లో నేను చూసేవాణ్ణి కాదు. నా చూపంతా బంతి మీదే. బంతి గాల్లో ఉండగానే స్మాషర్ పరుగునూ, వలకు అవతల బ్లాక్ కోసం కదులుతున్న పాదాలనూ ఓరకంట పట్టుకోవడం అలవాటయ్యాకే నాకు ఆట తెలిసింది. మనుషులూ తెలిశారు. మా జట్టులో తీరప్రాంతం నుంచి వచ్చిన ఒక పొడగరికి ఎత్తు బంతి కావాలి, నింపాదిగా నాలుగడుగులు వేసి లేస్తాడు. ఇంకొకడు పొట్టి. అవతలి బ్లాక్ కుదురుకునేలోపే కొట్టెయ్యాలి, వాడికి వల మీద జానెడు ఎత్తు చాలు. మూడోవాడు నోటితో ఏదీ అడగడు, ఎడమ భుజం కొంచెం వంచాడంటే బంతి కావాలని అర్థం. ముగ్గురికీ ఒకే బంతి ఇస్తే ముగ్గురిలో ఇద్దరు ఓడిపోతారు. ఇంట్లో చిన్నకొడుకుగా పెరిగి, నాకేం కావాలో చెప్పడం తప్ప ఎదుటివాడికేం కావాలో కనిపెట్టడం ఎరగని నాకు ఇది కొత్త విద్య.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఒకటుంది. ఇప్పుడే బ్లాక్ తిన్నవాడికి మళ్లీ బంతి ఇవ్వాలా, వద్దా? వందలమంది చూస్తుండగా కొట్టిన బంతి అవతలి చేతులకు తగిలి తిరిగొచ్చి అతని కాళ్ల దగ్గరే పడింది. తలెత్తడం లేదు. లెక్క ప్రకారం అయితే తర్వాతి బంతి వేరేవాడికి పోవాలి. మాస్టారు ఒప్పుకునేవారు కాదు. వెంటనే పక్కవాడికి ఇస్తే, వీడి పని అయిపోయిందని మొత్తం కోర్టుకు చెప్పినట్టే అనేవారు. ఇవ్వాలి, అయితే అదే బంతి ఇవ్వకూడదు. వలకు ఇంకాస్త దూరంగా, బ్లాక్ చేతులు అందని చోట, కొట్టడానికి నాలుగు దారులు కనపడేలా ఇవ్వాలి. వాడు దాన్ని బలంగా కొట్టకపోయినా, తెలివిగా మూలకు తోసి పాయింటు తెచ్చినా చాలు, భుజాలు లేస్తాయి. తర్వాత ఉద్యోగంలో నా కింద పనిచేసినవాళ్లలో ఒకరు దెబ్బతిని కూర్చున్నప్పుడల్లా నేను ఆలోచించింది ఈ కొలతలోనే. ఇతనికి మళ్లీ పని అప్పగించాలి సరే, వలకు ఎంత దూరంలో?

ఇలా ఓర్చుకోవడానికి అప్పటి నియమాలు కూడా చోటిచ్చేవి. అప్పట్లో సెట్టు 15 పాయింట్లు, సర్వీసు చేసిన జట్టుకే పాయింటు. మనం సర్వీసు చేసిన బంతి పోతే ఆ సర్వీసు పోయేది, అంతే. ఐదో సెట్టు సంగతి వేరు. ఒక్కో సెట్టు ఎంతసేపు సాగుతుందో ఎవరికీ తెలిసేది కాదు, టీవీ ప్రసారాలకు అది పెద్ద తలనొప్పి. 1998లో అంతర్జాతీయ సమాఖ్య ప్రతి ర్యాలీకీ పాయింటు, సెట్టుకు 25 అనే పద్ధతికి ఒప్పుకుంది. ఆట చూసేవాళ్లకు అది మేలే చేసింది, కాదనను. కానీ ఇరవై ఏళ్లలోపు పిల్లలు నేర్చుకునే కాలేజీ ఆటకు పాత పద్ధతే మంచిదని నా గట్టి నమ్మకం. సర్వీసు మన చేతిలో ఉన్నప్పుడు, తప్పుచేసినవాడికి స్కోరుబోర్డు కదలకుండానే ఇంకో అవకాశం ఇచ్చే వీలుండేది.

ఇంటర్ కాలేజియేట్ పోటీలకు బస్సుల్లో, సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు రైళ్లలో పోయేవాళ్లం. బసకు క్లాసురూములు ఇచ్చేవాళ్లు, బల్లలు పక్కకు జరిపి దుప్పట్లు పరుచుకునేవాళ్లం. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదివేవాడూ, పాతికెకరాల ఆసామి కొడుకూ పక్కపక్కన పడుకుని ఒకే బకెట్టు నీళ్లు పంచుకున్నారు. మా ఊళ్లో అప్పటికి అది జరిగే పని కాదు. ఊళ్లో ఒకరి ముందు తల దించుకుని నిలబడాల్సిన కుర్రాడు, కోర్టులో అదే ఇంటి అబ్బాయికి "హై బాల్ వద్దన్నా, బ్లాక్ ఉంది, తొయ్యి" అని అరిచి చెప్పేవాడు. ఆ అబ్బాయి వినేవాడు.

అమ్మాయిల జట్టు కోసం మాస్టారు ఎక్కువ కష్టపడాల్సి వచ్చేది. చీకటి పడకముందే ఇంటికి పంపిస్తానని ఇంటింటికీ వెళ్లి మాట ఇచ్చేవారు. వల 2.43 మీటర్ల నుంచి 2.24కు దించడం ఒక్క నిమిషం పని, తండ్రుల్ని ఒప్పించడానికి వారాలు పట్టేది. ఆయన చెప్పే ఉదాహరణల్లో సియోల్ ఒకటి. 1986లో అక్కడ జరిగిన ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో మన తెలుగువాడు పి.వి. రమణ ఉన్నారు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల్లో మన వాలీబాల్‌కు పతకం రాలేదు. రమణ భార్య విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. వాళ్లమ్మాయి సింధు బాడ్మింటన్‌లో రెండు ఒలింపిక్ పతకాలు తెచ్చింది. ఆటలాడే తల్లి ఉన్న ఇంట్లో అమ్మాయి ఆటకు తలుపు ఎలా తెరుచుకుంటుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం తెలియదు.

ఇప్పుడు నాకు దిగులు పుట్టించేది ఇంటర్ రెండేళ్లు. అపార్టుమెంటు లాంటి కాలేజీ భవనాల్లో, అడుగు మట్టి లేని చోట, పొద్దున్న ఆరింటి నుంచి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లు. పదో తరగతి దాకా ఆడిన పిల్లల కాళ్లు పదహారు, పదిహేడేళ్ల వయసులో, ఎగరడం నేర్వాల్సిన కాలంలో, బెంచీ కింద ముడుచుకుని ఉంటున్నాయి. డిగ్రీకో ఇంజనీరింగుకో వచ్చేసరికి "ఇక మాకు ఆటలేం వస్తాయి సార్" అంటున్నారు. స్మాషర్ విషయంలో అది కొంత నిజమే, ఆ ఎగురుడు చిన్నప్పటి నుంచీ రావాలి. లిఫ్టర్ విషయంలో నిజం కాదు. నేను ఎత్తు తక్కువవాణ్ణి, పద్దెనిమిదో ఏట మొదలుపెట్టాను. లిఫ్టర్‌కు కావాల్సింది గోడ, బంతి, సాయంత్రం ఒక గంట, పక్కవాణ్ణి చూసే కళ్లు. ఈ మాట చదివే పీడీ మాస్టార్లు ఎవరైనా ఉంటే, జట్టు ఎంపిక రోజున ఎత్తు కొలిచే టేపు పట్టుకునే ముందు గట్టు మీద కూర్చుని ఆట చూస్తున్న పిల్లల వైపు ఒకసారి చూడండి. స్మాష్ పడినప్పుడు ఎగిరి చప్పట్లు కొట్టేవాళ్లలో, ఆ బంతిని లేపిందెవరా అని వెతికేవాడు ఒకడుంటాడు. వాణ్ణి పిలవండి.