నీళ్లను లెక్కపెట్టే ఆట

కొత్త ఆట పుస్తకం చేతికొస్తే నేను ముందుగా చూసేది అందులో దేనికి ఎక్కువ పేజీలు ఇచ్చారన్నది. తుపాకులకు పదిహేను పేజీలు, దాహానికి అరపేజీ ఇచ్చిన పుస్తకంతో ఏ ఊరి కథ మొదలుపెట్టినా అది చివరికి కాల్పుల్లోనే తేలుతుంది. అందులో ఆడేవాళ్ల తప్పేమీ ఉండదు. చేతిలో ఉన్న కొలత ఎటు లాగితే మనసు అటే పోతుంది. మార్కాపురంలో కుర్రాళ్లనూ ఆడపిల్లలనూ కూర్చోబెట్టుకుని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు ఆడిస్తున్నాను. ఏ నియమావళి గొప్పది అని నన్ను చాలామంది అడుగుతుంటారు. మన మార్కాపురం ప్రాంతపు కథను ఏ నియమావళి మోయగలదు అన్నదే నాకు అసలు ప్రశ్న.

ఈ ఆటల సంగతి తెలియనివారికి రెండు మాటలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో చెబుతూ పోతారు. ఫలితం ఎటైనా పోయే చోట పాచికలు వేస్తారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఇది ప్రపంచానికి తెలిసింది. అందులో కోటలు, మంత్రగాళ్లు, రాక్షస సర్పాలు. తర్వాత ఇదే పద్ధతిలో బస్సులూ ఫోన్లూ అప్పులూ ఉన్న నేటి లోకం కథలు ఆడించే నియమావళులు ఎన్నో వచ్చాయి. నాకు పని వాటితోనే.

నియమాలు కథ చెబుతాయనడానికి పరాయి పుస్తకాల దాకా పోనక్కర్లేదు. మన పులిజూదం చాలు. ముక్కోణపు పటం మీద 23 కూడళ్లు, మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీంచి దూకి చంపుతుంది. మేకకు దూకే హక్కు లేదు. పదిహేను మేకలూ ఒక్కొక్కటిగా పటంలోకి దిగేదాకా ముందు దిగిన మేక కదలకూడదు. మేకలు గెలవాలంటే ఒకదానికొకటి ఆసరాగా నిలబడి పులుల దారులన్నీ మూసెయ్యాలి. బలమున్నవాడికీ మందకీ ఉన్న సంబంధమంతా ఈ నాలుగు నియమాల్లోనే ఉంది. మార్కాపురం, గిద్దలూరు అటవీ డివిజన్లు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. నల్లమల అంచున మేకలు తోలుకెళ్లే మనిషికి ఈ ఆట అర్థం విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

అందుకే పరాయి నియమావళులను పోల్చి చూడటానికి నేనొక కథ అల్లుకున్నాను. మే నెల. గిద్దలూరు వైపు ఒక ఊరికి ట్యాంకరు రావడం ఆగిపోయింది. బోర్లలో వచ్చే కాసిని నీళ్లూ ఫ్లోరైడు నీళ్లు. నాలుగు పాత్రలు: ట్యాంకరు డ్రైవరు, ఏఎన్ఎం నర్సు, అడవిలో తిరిగే ఫారెస్టు వాచరు, హైదరాబాద్‌లో భవనాల పనికి పోయి సెలవుకు వచ్చిన మేస్త్రి. ట్యాంకరు ఎందుకు ఆగింది, నీళ్లు ఎటు పోతున్నాయి, ఈలోగా ఊరు ఎలా బతకాలి? ఇదే కథను వేర్వేరు నియమాలతో ఆడించాను. ప్రతిసారీ వేరే కథ తయారైంది.

మొదట 2002లో వచ్చిన డి20 మోడర్న్. పాత్రలను అది ఆరు రకాలుగా విడదీస్తుంది: బలవంతులు, చురుకైనవాళ్లు, గట్టివాళ్లు, తెలివైనవాళ్లు, అంకితభావం ఉన్నవాళ్లు, జనాన్ని ఆకట్టుకునేవాళ్లు. తగాదా వస్తే ఎవరు ముందు కొడతారు, దెబ్బ ఎంత తగులుతుంది అన్నది చాలా వివరంగా చెబుతుంది. డబ్బును మాత్రం నోట్లతో లెక్కపెట్టదు. పాత్రకు ఒక సంపద సంఖ్య ఇస్తుంది, ఏదైనా కొనాలంటే దాన్నిబట్టి పాచిక వేయాలి. సాహస కథకు ఆ సదుపాయం బాగుంటుంది. బిందె నీళ్లకు ఎంత ఇవ్వాలో, అది ఇంట్లో ఏ ఖర్చు తగ్గించి ఇవ్వాలో తెలిసిన మేస్త్రి పాత్రకు ఆ సంఖ్య సరిపోలేదు. మా కథ గబగబా ట్యాంకరును వెంటాడే కథగా మారి, ఒక కొట్లాటతో ముగిసింది.

స్టీవ్ జాక్సన్ గేమ్స్ 1986లో తెచ్చిన గర్ప్స్ మరో రకం. మూడు పాచికలు వేసి, వచ్చిన మొత్తం మన నైపుణ్యపు అంకెను మించకపోతే పని అయినట్టు. నైపుణ్యం 10 ఉంటే సగం సార్లు గెలుస్తాం. 12 ఉంటే నూటికి 74 సార్లు. రెండంకెల తేడాకు అంత విలువ ఉండటంతో, అనుభవం ఉన్న మనిషికీ లేనివాడికీ మధ్య దూరం ఆడేవాళ్లకు తెలిసొస్తుంది. నేను ఈ పుస్తకాన్ని గౌరవించేది మరో కారణానికి. ఇది దాహాన్ని లెక్కపెడుతుంది. వేడి ప్రాంతంలో మనిషికి రోజుకు మూడు లీటర్లకు కాస్త తక్కువగా నీళ్లు కావాలని చెప్పి, అవి అందకపోతే ప్రతి ఎనిమిది గంటలకూ పాత్ర ఓపికలో ఒకటి తగ్గిస్తుంది. ఫారెస్టు వాచరు దిగువమెట్ట దాటి కొండ ఎక్కుతున్నప్పుడు, సీసాలో మిగిలిన నీళ్లను చూసుకుని వెనక్కి తిరగాలా ముందుకు పోవాలా అని ఆలోచించిన కుర్రాడి ముఖంలో నిజమైన బెంగ కనిపించింది. అయితే ఈ లెక్క ఒక్క ఒంటి దాహాన్నే కొలుస్తుంది. ఊరి దాహానికి అందులో గడి లేదు.

రాబిన్ లాస్ రూపొందించిన గమ్‌షూ పద్ధతి 2006లో ది ఎసోటెరరిస్ట్స్ అనే ఆటతో వచ్చింది. పరిశోధన కథల్లో ఆధారం దొరుకుతుందా లేదా అన్నది పాచిక మీద వదిలేస్తే, పాచిక తప్పినచోట కథ ఆగిపోతుందని లాస్ గమనించాడు. అందుకని తగిన విద్య ఉన్న పాత్ర తగిన చోటికి వెళ్లి చూస్తే ఆధారం దొరికి తీరుతుందన్నాడు. దొరికినదాన్ని అర్థం చేసుకోవడం ఆడేవాళ్ల వంతు. మా ఆటలో నర్సు పాత్ర వేసిన అమ్మాయి బడిపిల్లల నోళ్లు తెరిపించి చూస్తానంది. పాచిక వేయించకుండానే చెప్పాను: పళ్ల మీద పసుపు, గోధుమ మరకలున్నాయి. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, “సార్, రిజిస్టర్‌లో ఈ ఊరికి ఏళ్ల తరబడి మంచినీళ్లు తోలినట్టు రాశారు గదా. మరి ఈ పిల్లలు పళ్లొచ్చే వయసులో ఏ నీళ్లు తాగారు?” అంది. మా కథలన్నింటిలో నాకు అత్యంత ఇష్టమైన ఘట్టం అది. తెలిసిన మనిషి చూపుకు విలువనిచ్చే నియమం ఉండబట్టే అది పుట్టింది.

ఫేట్ కోర్ 2013లో వచ్చింది. అందులో పాత్ర స్వభావాన్ని ఒక వాక్యంగా రాసుకోవాలి. మా డ్రైవరు “అక్క మాట కాదనలేడు” అని రాసుకున్నాడు. ఆ వాక్యం అతనికి ఎప్పుడు ఇబ్బంది తెస్తుందో చూసి కథ నడిపేవాడు ఒక పాయింటు చూపిస్తాడు. ఇబ్బందిని ఒప్పుకుంటే పాయింటు వస్తుంది. వద్దంటే తన దగ్గరున్న పాయింటు ఒకటి వదులుకోవాలి. డ్రైవరుకు దొరికిన ఒక్క ట్యాంకరునూ అక్క తన మెట్టినూరికి తిప్పమంది. కుర్రాడు ఒప్పుకున్నాడు. బల్ల దగ్గర ఎవరూ అతన్ని తప్పుపట్టలేకపోయారు. చుట్టరికం బరువును ఇంత సూటిగా పట్టుకునే నియమం మరెక్కడా నాకు కనిపించలేదు.

విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ 2010లో తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్ నాశనమైపోయిన లోకం గురించినదైనా, దాని పద్ధతిని నేటికాలపు ఆటలు చాలా తీసుకున్నాయి. రెండు పాచికలు. మొత్తం 10 లేదా అంతకు మించితే పని జరిగిపోతుంది. 6 లేదా అంతకన్నా తక్కువైతే కథ నడిపేవాడు కొత్త చిక్కు తెస్తాడు. 7 నుంచి 9 మధ్య పడితే పని అవుతుంది, దానికి ఏదో ఒక మూల్యం చెల్లించాలి. రెండు పాచికలు పడే 36 తీర్లలో 15 ఈ నడిమి మెట్టులోనే పడతాయి. నీళ్లు దొరుకుతాయి, ఎవరి వంతు కోస్తావు? బోరు పడుతుంది, పక్క రైతు బోరు ఎండితే ఏం చెబుతావు? ఈ నేలలో జరిగేది ఎక్కువగా ఈ నడిమి మెట్టు వ్యవహారమే.

ఇన్ని పుస్తకాలనూ ప్రేమగా చదివి, ఆడించి నేను చేరుకున్న అభిప్రాయం ఇది: మన ప్రాంతానికి మన నియమం కూడా కలవాలి. ఈ నేల చరిత్రలో చాలా భాగం నీటిని ఆపడం, నీటిని తేవడమే. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు అందుకే. శ్రీశైలం జలాశయం నుంచి నీళ్లు తేవాలని వెలిగొండ ప్రాజెక్టు కోసం నల్లమల కింద ఒక్కోటి 18 కిలోమీటర్లకు పైబడి తవ్విన జంట సొరంగాలూ అందుకే. ఒక్క మనిషి సీసాను లెక్కపెట్టే నియమం ఇంత చరిత్రకు చాలదు.

మేం ఆడే పద్ధతి చెబుతాను, ఎవరైనా వాడుకోవచ్చు. బల్ల మధ్యలో ఒక చెంబులో ఇరవై చింతగింజలు పోస్తాం. అవి ఊరి నీళ్లు. కథలో ఒక రోజు గడిస్తే ఒక గింజ పోతుంది. ట్యాంకరు వస్తే కొన్ని చేరతాయి. పాచిక బాగా పడనివాళ్లు చెంబులోంచి ఒక గింజ తీసి పక్కన పెట్టి మళ్లీ వేసుకోవచ్చు. తీసే ముందు మాత్రం బల్ల చుట్టూ ఉన్న అందరినీ అడగాలి. ఒక్కరు వద్దన్నా తీయకూడదు. మిగతా నియమాలు పైవాటిలో ఏవైనా సరే. నేనైతే గమ్‌షూ చూపునూ అపోకలిప్స్ వరల్డ్ పాచికలనూ కలుపుతాను.

ఈ ఒక్క నియమంతో ఆట తీరే మారింది. “అన్నా, ఒక్క గింజ తీసుకుంటా.” “ఎల్లుండి దాకా ట్యాంకరు రాదురా, పిల్లల తల్లులున్నారు ఊర్లో.” “నేను అడవిలో చిక్కుకుంటే అక్కడ చూసిన సంగతి ఊర్లో ఎవరు చెబుతారు మరి?” ఇలాంటి మాటలు ఏ పుస్తకమూ రాసివ్వలేదు. పులిజూదంలో మేకలకు ఉన్న బలమే ఇక్కడా కనిపిస్తుంది. ఏ పాత్రా ఒంటరిగా గెలవలేదు. ఎవరి గెలుపుకైనా పక్కవాడు తన వాటాలోంచి ఇవ్వాలి, ఇచ్చేముందు ఆలోచించుకునే హక్కు అతనికుండాలి.

కంభంలోనో, యర్రగొండపాలెంలోనో, పొదిలిలోనో ఈ ఆటలు మొదలుపెట్టాలనుకునే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. పరాయి నియమావళులను శ్రద్ధగా చదవండి, వాటి వెనకున్న యోచన నేర్చుకోండి. తర్వాత మీ ఊర్లో మనుషులు దేన్ని చూసి భయపడతారో, దేన్ని పంచుకుంటారో, దేనికోసం తెల్లవారుజామున లేస్తారో రాసుకోండి. ఆ మూడింటినీ కొలిచే నియమం మీరే కట్టండి. ఈ నేల మీద పుట్టే ఆటలో పాత్ర చీటీ మీ పాత్రకు బలమెంత అని అడగడానికి ముందు, తాగేనీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది అని అడగాలి.